మూడో రంగుల కొట్టం

నిప్పార్పే బంబు బండి సాకర్ పేట మలుపు తిరగకముందే దత్తాత్రికి తెలిసిపోయింది, తగలబడుతున్నది మళ్ళీ రంగుల కొట్టమేనని.

ఇల్లు కాలితే పొగ నల్లగా లేస్తుంది. నూలు కాలితే తెల్లగా, బద్ధకంగా గోడలు పట్టుకుని పాకుతుంది. ఈ పొగలో పసుపు ఉంది. పెట్టెడు అగ్గిపుల్లలు ఒక్కసారే గీసినట్టు గొంతులో గుచ్చుకునే వాసన ఉంది. మూడు వారాల్లో ఈ వాసన పీల్చడం ఇది మూడోసారి.

"పడుగులు తియ్యిన్రి, బంబు వస్తుంది," అని బండి మెట్టు మీద నిలబడి అరిచాడు. గల్లీ పొడుగునా గంజి పెట్టి ఆరగట్టిన పడుగులను ఆడవాళ్ళు చుట్టి పక్కకు లాగారు. మున్సిపాలిటీ వారి ఆ ఎర్ర మోటారు బండికి పైపు తగిలించి, ఇత్తడి టోపీ నెత్తిన బిగించి, దత్తాత్రి అందరికంటే ముందు లోపలికి దూరాడు.

గంటలో మంట ఆరింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కానీ మల్లప్ప సావుకారి రంగుల కొట్టానికి కప్పు మిగల్లేదు. పండగకు రంగు వేసి పెట్టిన నూలంతా బొగ్గయింది.

పేటలోని తెలుగు సాలెవాళ్ళలో బంబుఖానాలో చేరిన మొదటివాడు దత్తాత్రి. అప్పటికి పదహారేళ్ళ కిందటి మాట. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం అతనికి చిన్నప్పటినుంచీ చేతకాలేదు. దూరంగా బంబు గంట వినబడితే చాలు, చేతిలో నాడె అక్కడే పడేసి పరుగెత్తేవాడు. తండ్రి కొట్టి కొట్టి విసిగిపోయి, చివరికి తనే తీసుకుపోయి బంబుఖానాలో అప్పజెప్పాడు. ఆ రోజుల్లో బంబంటే ఎనిమిది మంది చేత్తో కొట్టే పంపు బండి. తరువాత మోటారు వచ్చింది. దత్తాత్రికి మీసం నెరిసింది. కాళ్ళు మాత్రం కుదురుగా నిలబడటం ఇంకా నేర్చుకోలేదు.

నౌకరి లేని రోజున అతడు ఊరికే ఉండడు. ఇంటింటికీ తిరుగుతాడు. దీపం నూలుకు ఎంత దూరంలో పెట్టాలో, ఒంటికి నిప్పంటుకుంటే ఎలా దొర్లాలో చెబుతాడు. ముసలివాళ్ళను ఎలా భుజాన వేసుకోవాలో పేట కుర్రాళ్ళకు నేర్పుతాడు. ఆ ఏడు, అంటే 1936లో, ఎండలు ముందే ముదిరాయి. ఉగాదినాడు అతను కొత్త మాట ఒకటి చెప్పాడు. ప్రతి కార్ఖానాలో తడి గోనెలుండాలి. ఏది కాపాడుకోవాలో దాని మీద తడి గోనె కప్పాలి. పొద్దున, మధ్యాహ్నం, సందెకు మళ్ళీ తడపాలి. బంబుఖానా సాహెబుకు ఈ ఆలోచన ఎంతగానో నచ్చింది. మరాఠీలో, తెలుగులో కాగితాలు అచ్చు వేయించి గోడలకు అంటించాడు. వచ్చే నెల దత్తాత్రిని జట్టు మీద జమాదారును చేస్తానని కూడా అన్నాడు.

"మూడయినయి దత్తాత్రీ," అన్నాడు మల్లప్ప. బూడిద తడిసి నల్లటి నీళ్ళు అతని జోళ్ళ కిందనుంచి పారుతున్నాయి. పేటలో అందరికంటే పెద్ద కార్ఖానా అతనిది, కుల పంచాయతీకి పెద్దా అతనే. "ఇంకెన్ని కావాలె? రేపు పొద్దున మార్కండేయ గుళ్ళె పంచాయతి పెట్టిన. నువ్వు నిన్నగాక మొన్న అందరి ముందట అన్నవు గద, పెట్టిన అగ్గి అని. గదే మాట ఇంకొక్కపారి చెప్పు, చాలు. మిగిలింది మేం చూసుకుంటం."

"చూసుకునుడంటే?"

"నర్సప్పను కులంల కెళ్ళి ఎలి. పేరు పోలీసు ఫౌజుదారుకు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలాడించారు. ఎవరో వెనకనుంచి అన్నారు, "జైలు కూడు మరిగినోడు. మళ్ళ అడుగుతున్నడు, పెట్టున్రి."

నర్సప్ప మల్లప్ప దగ్గర పన్నెండేళ్ళు రంగు వేసినవాడు. 1930 సత్యాగ్రహం గడబడల్లో, కల్లు వద్దని ఈత చెట్లు నరికిన కేసులో ఆరు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. అలాంటివాడి పేరు నిప్పు కేసులో చెబితే ఫౌజుదారు ఇంకేమీ అడగడు. ఏళ్ళ తరబడి లోపలే.

నర్సప్ప మీద అనుమానం ఊరికే రాలేదు. ఉగాది తరువాత కొట్టాలు చూడటానికి వెళ్ళిన దత్తాత్రికి, నర్సప్ప మల్లప్ప కొట్టంలో తడి గోనెలను తీసి బయట పారేస్తూ దొరికాడు. "వద్దు, పాడయితది" అని ఏదో గొణిగాడు. దత్తాత్రి వినలేదు. పేటంతా కాలిపోవాలని ఉందా అని నలుగురిలో తిట్టి, పోయి మల్లప్పకు చెప్పాడు. మల్లప్ప ఆ పూటే నర్సప్పను పనిలోంచి తీసేశాడు. అక్కడినుంచి నాలుగో రోజున మొదటి కొట్టం కాలింది. తరువాత రెండోది. ప్రతి కొట్టం దగ్గరా ముందు రోజు నర్సప్ప తిరుగుతూ కనిపించాడు. రెండో మంట ఆర్పినప్పుడు దత్తాత్రి, పొయ్యి లేని చోట, దీపం లేని చోట, పట్టపగలు మంట ఎలా పుట్టిందో అర్థంకాక, "ఇది దానంతట అది అంటుకున్న అగ్గి కాదు" అని అందరి ముందూ అన్నాడు.

ఆ మాట ఇప్పుడు ఒక మనిషి మెడకు చుట్టుకుంది.

"చెప్తవ్ గద?" అన్నాడు మల్లప్ప.

"వస్త పొద్దుగాల," అన్నాడు దత్తాత్రి.

*

ఇంటికి వెళ్ళాడు కానీ కూర్చోలేకపోయాడు. గుమ్మం దగ్గరినుంచి పొయ్యి దాకా, పొయ్యి దగ్గరినుంచి గుమ్మం దాకా నడిచాడు. అతని భార్య ద్రౌపది చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కొంతసేపు చూసింది.

"కూసో. లేకపోతే బయటికన్న పో. నీ గాలికి నా ఆకులు ఎగురుతున్నయి."

"నర్సప్ప పెట్టిండంటవా?"

"నన్నెందుకు అడుగుతవ్? అగ్గి సంగతి నీకు ఎరుక. నాకు బీడీల సంగతి ఎరుక." దారం బిగించి కొస తెంపింది. "చూసినవా నువ్వు, పెట్టంగ?"

"లేదు."

"మరి రేపు ఏం చెప్తవ్?"

అతను చెప్పులు వేసుకుని బయటపడ్డాడు.

కాలిన కొట్టం ఇంకా వెచ్చగా ఉంది. దత్తాత్రి మోకాళ్ళ మీద వంగి, కాలిన దూలాలను ఒక్కొక్కటే తప్పిస్తూ నేల వెతికాడు. పదహారేళ్ళలో నేర్చుకున్నది ఒక్కటే. మంట పుట్టిన చోట బొగ్గు లోతుగా ఉంటుంది. పెట్టేవాడు తలుపు దగ్గరో, కప్పు చూరుకో పెట్టి పారిపోతాడు. ఇక్కడ తలుపు సగమే కాలింది. చూరు పైనుంచి కూలిపోయింది, అంటే మంట కిందనుంచి పైకి పోయింది. అన్నిటికంటే లోతుగా కాలింది వెనక మూల. తాళం వేసిన తలుపుకు అన్నిటికంటే దూరంగా ఉన్న మూల.

మొదటి కొట్టంలోనూ వెనక మూలే. రెండో దానిలోనూ.

ఆ మూలలో ఏముందో చూశాడు. రేకు డబ్బాలు. మంటకు మూతలు వంకర్లు పోయి, పక్కలు పగిలి, లోపల పసుపుపచ్చగా గడ్డ కట్టి ఉన్నాయి.

"వాటిని ముట్టకు, ముక్కు మండుతది," అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. సుందరాబాయి. ఆ కొట్టంలో నూలు ముంచి పిండే పని చేసే విధవ. చేతులు మోచేతుల దాకా నీలం. బొగ్గులో మిగిలిన ఇత్తడి చెంబులు ఏరుకుంటోంది. "హైడ్రోస్ పొడి. ఓడల మీద సీమ నుంచి వచ్చే మాల్. అది లేకపోతే రంగు నూలుకు పట్టదు."

"ఇవి ఇక్కడ్నే ఉంటయా అక్కా, రోజు?"

"ఇక్కడ్నే. సావుకారికి మా అందరికన్న ఆ డబ్బాలే పానం." ఆమె నడుము పట్టుకుని లేచింది. "నువ్వు చెప్పినంక మస్తు జాగ్రత చేసినం తమ్ముడా. ఏది కాపాడాల్నో దాని మీద తడి గోనె ఎయ్యిన్రి అన్నవు గద. ఆ డబ్బాల మీద నాలుగు మడతలేసి కప్పినం. మూడు పూటలు నేనే తడిపిన. నా చేతులల్ల ఒక్క పూట తప్పలే. అయిన కాలిపాయె. నువ్వు అంటవేమో, సుందరాబాయి తడపలే అని. నేను తడిపిన."

దత్తాత్రి చేయి డబ్బా మీద ఆగిపోయింది.

"మూతలు ఉంటుండెనా?"

"ఒకపారి కోసినంక మూత ఏడ సరిగ్గ కూసుంటది? గోనె ఉండె గద మీద."

"గోనె చల్లగ ఉంటుండెనా అక్కా?"

సుందరాబాయి కొంచెం ఆలోచించింది. "ఎండకాలం బాబా. పొద్దున తడిపితే పగటాలకు ఎండుతుండె. రెండు మూడు పార్లు చెయ్యి పెడితే వెచ్చగ తగిలింది, రొట్టె పెనం లెక్క. మళ్ళ ఇన్ని నీళ్ళు చల్లిన."

పైనుంచి ఒక కాలిన వాసం ముక్క దానంతటదే ఊడి పడింది. దత్తాత్రి ఉలిక్కిపడ్డాడు. సుందరాబాయి తల కూడా తిప్పలేదు.

*

నర్సప్ప ఇల్లు కుంఠా నాకా వైపు పోయే గల్లీ చివర. గుమ్మం ముందు ఇద్దరు పహిల్వాన్లను మల్లప్ప కాపలా పెట్టాడు. బంబువాలాను చూసి వాళ్ళు పక్కకు జరిగారు. లోపల నర్సప్ప దుప్పట్లో గిన్నెలు మూట కడుతున్నాడు. మూలన అతని భార్య మంగళ నిలబడి, దత్తాత్రిని చూడగానే మొహం తిప్పుకుంది.

"ఏందన్నా, అగ్గి పెట్టినోడి ఇల్లు ఎట్లుంటదో చూద్దామని వచ్చినవా?" అన్నాడు నర్సప్ప.

"ఆ దినం గోనెలు ఎందుకు పారేసినవు?"

"చెప్పనిచ్చినవా? నలుగుట్ల నిలబెట్టి తిట్టినవు. నా భార్య కూడ ఇన్నది."

"ఇప్పుడు చెప్పు."

నర్సప్ప ముడి విప్పి మళ్ళీ కట్టాడు. "అది తడి తాగుతది. తడి తాగితే పాడయితది, రంగు ఎక్కది. మా ఉస్తాద్ నేర్పింది అంతే. దానికి నీళ్ళిస్తే తొట్టినిండ ఇయ్యాలె, లేకపోతే ఒక్క చుక్క ఇయ్యొద్దు. కొంచెం ఇస్తే ఉడుకు పుడతది. చెయ్యి కాలేటంత. అగ్గి పుడతదని నాకు తెల్వదు. పొడి పాడయితదనే చెప్పిన."

"మరి ఆ కొట్టాల చుట్టు ఎందుకు తిరిగినవు?"

"గదే చెప్పనీకి. గోనెలు తియ్యిన్రి, మాల్ ఖరాబు అయితది అని. ఎవరు ఇన్నరు? కాగితం చూపిచ్చిన్రు. సర్కారీ కాగితం, గోడకు ఉండె. దాంట్ల నీ మాటనే ఉండె." అతను మొదటిసారి తలెత్తి చూశాడు. చూపు దత్తాత్రి మొహం మీద కాసేపు నిలిచింది. "నీకు ఎరుకయ్యింది."

దత్తాత్రి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వెంటనే లేచాడు.

"రేపు చెప్త," అన్నాడు.

"చెప్తే నిన్ను ఉంచుతరా బంబుల?"

"తెల్వది."

"తెల్వది," అని మంగళ మూలనుంచి అంది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడిన మాట అదొక్కటే. "మాకు తెల్సు. చెప్పడు."

ఆ సాయంత్రమే గోనెలు తీయించాలని అతను తనకు తెలిసిన రంగుల కొట్టాలన్నిటికీ పరుగెత్తాడు. కానీ పంచాయతీ తేలేదాకా ఎవరినీ లోపలికి రానియ్యొద్దని మల్లప్ప హుకుం వేశాడు. తలుపులన్నిటికీ తాళాలు పడ్డాయి. కార్ఖానదార్లు ముఖాలు గట్టి చేసుకుని, "రేపు గుళ్ళె మాట్లాడుదాం" అన్నారు. తలుపు అవతల, గోడ అవతల, తను నేర్పిన తడి గోనెలు ఉన్నాయి. అతను తలుపుకు చెయ్యానించి చూశాడు. చల్లగానే ఉంది. తలుపుతో ఏం తెలుస్తుంది?

ఉదయం బట్టలు వేసుకుంటుంటే ద్రౌపది తలపాగా అందించింది.

"అంత చెప్పేస్తవా?"

"చెప్పకుంటే?"

"చెప్పకుంటే నువ్వు ఇంక నెలంత ఇట్లనే తిరుగుతవ్. నన్ను పండుకోనియ్యవు. పో, చెప్పిరా. జమాదారు భార్యను కాకపోతే నాకేం కొమ్ములు రాలవు."

*

మార్కండేయ గుడి ఆవరణలో చాపలు పరిచారు. ముందు వరసలో కార్ఖానదార్లు, వెనక నేతవాళ్ళు, గోడ పక్కన ఆడవాళ్ళు. మధ్యలో నర్సప్ప ఒక్కడే నిలబడి ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి. మల్లప్ప గొంతు సవరించుకున్నాడు.

"దత్తాత్రి బంబుల పదహారేండ్లు ఉన్నడు. ఆయనకు తెల్వంది లేదు. చెప్పు."

"పెట్టిన అగ్గి కాదు," అన్నాడు దత్తాత్రి. "నేను తప్పు చెప్పిన. తడి గోనెలకు పుట్టింది. గోనెలు ఎయ్యమన్నది నేను."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తరువాత నవ్వు మొదలైంది. వెనక వరసలో పుట్టి ముందుకు పాకింది.

"అంటే నీళ్ళకు అగ్గి పుట్టిందంటవ్?" అన్నాడు ఒక కార్ఖానదారు.

"పుట్టింది."

"గట్లయితే రేపటికెళ్ళి నీ బంబుల కిర్సనాయిల్ పోస్కపో," అని ఇంకొకడు. నవ్వు ఇంకా పెద్దదైంది. మల్లప్ప నవ్వలేదు.

"నా దగ్గర ఒక డబ్బా ఉన్నది. ఇంట్ల పెట్టిన, కొట్టంల కాదు," అన్నాడు మల్లప్ప. "తెస్త. చూపియ్యి."

డబ్బా వచ్చింది. దత్తాత్రి రాతి నేల మీద గోనె పరిచి, దోసెడు తెల్ల పొడి పోశాడు. చెంబు అందుకున్నాడు. నీళ్ళు పోశాడు. పొడి మెత్తగా కరిగి గోనెలోకి ఇంకింది. అంతే. అందరూ చూస్తున్నారు. అతను ఇంకా పోశాడు. ముక్కుకు కొంచెం వాసన తగిలింది. పొగ లేదు. వేడి లేదు. రెండు నిమిషాలు గడిచాయి, నాలుగయ్యాయి.

"ఇంకెంతసేపు? పప్పు ఉడికిందాంక ఆగాల్నా?" అన్నారెవరో.

"నీ చెయ్యి బంబు చెయ్యి," అన్నాడు నర్సప్ప.

అందరూ అతని వైపు తిరిగారు.

"పోస్తే నిండ పోస్తవు. దానికి నిండ పోస్తే ఏం కాదు, నీళ్ళల్ల చల్లారుతది. జర్రంత చల్లాలె. సుందరాబాయి చల్లినట్టు." అతను ముందుకు వచ్చాడు. ఎవరూ ఆపలేదు. పక్కనున్న ఇంకో గోనెను తడిపి, గట్టిగా పిండి పరిచాడు. దాని మీద డబ్బాలోంచి కుప్పగా పొడి పోశాడు. పడుగుకు గంజి చిలకరించినట్టు నాలుగు వేళ్ళతో నీళ్ళు చిలకరించాడు. పైన గోనె కొస మడిచి కప్పి, వెనక్కి తగ్గాడు.

కాసేపు ఏమీ కాలేదు. తరువాత గోనెలోంచి ఆవిరి లేచింది, తడి బట్ట పెనం మీద వేసినట్టు. ఆవిరి పసుపు తిరిగింది. ముందు వరసలో ఇద్దరు దగ్గారు. గోనె మధ్యలో నల్లటి మచ్చ పుట్టి, వెడల్పయి, అంచున ఎర్రగా వెలిగింది. ఫట్టున చిన్న మంట లేచి నిలబడింది.

ముందు వరస మొత్తం చాపలు తొక్కుకుంటూ వెనక్కి జరిగింది.

దత్తాత్రి ఊపిరి వదిలాడు. అయిపోయిందనుకున్నాడు. మల్లప్ప వేలు చూపించాడు.

"చూసిన్రా? బంబువాలాకు రాలే. వీనికి వచ్చింది. ఎంత పోయాల్నో, ఎట్ల కప్పాల్నో, మొత్తం ఎరుక. ఇంకేం సాక్ష్యం కావాలె మీకు?"

ఆవరణలో గుసగుస లేచింది. తలలు ఊగాయి. దత్తాత్రికి విడిపించడానికి వచ్చి, ఉరితాడు తనే పేని ఇచ్చినట్టయింది. నర్సప్ప ఇలా అవుతుందని ముందే తెలిసినవాడిలా నిలబడ్డాడు.

"నాకూ ఎరుకనే," అని గోడ పక్కనుంచి వినిపించింది. సుందరాబాయి లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం లేదు. "ఇరవై దినాలు గట్లనే చల్లిన నేను. నాలుగు వేళ్ళతోని. మొన్న గూడ, నిన్న పొద్దుగాల గూడ. సావుకారీ, నీ కొట్టం తాళం చెవి నీ మొలతాడుకు ఉండె. నర్సప్ప ఏ బొక్కల కెళ్ళి దూరిండు? లోపట తడిపి తాళం ఏసి నీ చేతికి ఇచ్చింది నేను. రాస్తే నా పేరు రాయిన్రి."

"ఆమె పేరు కాదు," అన్నాడు దత్తాత్రి. "తడుపుమన్నది నేను. ఫౌజుదారుకు పేరు కావాలంటే నాది ఇయ్యిన్రి. నేనే పోయి చెప్త. కాని అంతకు ముందుగాల ఒక్క మాట." అతను ముందు వరస వైపు తిరిగాడు. ఒక్కొక్కరి మొహం చూస్తూ, వేలు ముడుస్తూ అడిగాడు. "మీ కొట్టంల గోనె ఎప్పుడు తడిపిన్రు? మీది? నిన్న సందెకేనా? తాళం ఏసున్నది గద? ఇప్పుడు లోపట ఎట్లున్నదో ఎవరన్న చూసిన్రా?"

నేల మీద గోనె ఇంకా కాలుతోంది.

కిరసనాయిలు పోస్కపొమ్మని ఎగతాళి చేసిన కార్ఖానదారు మొదట లేచాడు. ఒంటేలుకు పోతున్నవాడిలా మెల్లగా గేటు దాకా నడిచి, గేటు దాటగానే పరుగెత్తాడు. అది చూసి ఇంకొకడు. తరువాత ముగ్గురు ఒకేసారి, జోళ్ళు కూడా వదిలేసి. వెనక వరసల్లోంచి వాళ్ళ పనివాళ్ళు. మల్లప్ప ఏదో అంటున్నాడు, వినేవాళ్ళు లేరు. తీర్పు ఎవరూ చెప్పలేదు. చాపలు ఖాళీ అయ్యాయి.

దత్తాత్రి కూడా పరుగెత్తాడు. పక్కన అడుగుల చప్పుడు వినిపించి చూస్తే నర్సప్ప.

నాలుగో గల్లీలో ఒక కార్ఖానదారు తాళం తియ్యలేక చెవిని కిందా మీదా చేస్తున్నాడు. తలుపు సందులోంచి పసుపు పొగ సన్నగా వస్తోంది. దత్తాత్రి భుజంతో కొట్టి తలుపు విరిచాడు. లోపల వెనక మూలలో గోనెలు పొగలు కక్కుతున్నాయి, పక్కన కప్పు దాకా నూలు. గుమ్మం దగ్గర నీళ్ళ బిందె కనబడింది. పదహారేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే బిందె మీదికి పోయింది.

"వద్దు," అని నర్సప్ప ఆ చెయ్యి పట్టి గుంజాడు. "నీకు మొక్కుత, దాన్ని ముట్టకు. బయటికి గుంజు."

తలపాగాలు విప్పి చేతులకు చుట్టుకుని ఇద్దరూ గోనెల కింది డబ్బాను చెరో వైపు పట్టారు. రేకు బట్టలోంచి కాల్చింది. కళ్ళు కనబడలేదు. దత్తాత్రి వెనక్కి నడిచాడు, నర్సప్ప ముందుకు తోశాడు. గడప తగిలి ఒకసారి ఆగిపోయారు, తిట్టుకున్నారు, మళ్ళీ ఎత్తారు. గల్లీ మధ్యలో దాన్ని వదిలేసి దూకారు. డబ్బా బోర్లాపడి, తెల్ల పొడి ఎండలో పరుచుకుని భుగ్గుమంది. చుట్టూ నేల తప్ప ఏమీ లేదు. అక్కడే కాలి, అక్కడే ఆరింది.

కార్ఖానదారు గుమ్మంలో నిలబడి తన నూలును చూసుకున్నాడు. తరువాత నర్సప్పను చూశాడు. లోపలికి పోయి చెంబుతో తాగే నీళ్ళు తెచ్చాడు. ముందు నర్సప్పకే ఇచ్చాడు.

*

బంబుఖానా సాహెబు దత్తాత్రి చెప్పిందంతా విన్నాడు. కాలిన అరచేతులు చూశాడు. జమాదారు మాట మళ్ళీ ఎత్తలేదు. గోడల మీది కాగితాలన్నీ దత్తాత్రే స్వయంగా చింపాలన్నాడు. నౌకరి ఉంటుందో లేదో పైవాళ్ళు చెబుతారన్నాడు.

ఆ మధ్యాహ్నం దత్తాత్రి నర్సప్ప ఇంటికి వెళ్ళాడు. మూట ఇంకా విప్పలేదు.

"ఉంటవా?"

"మల్లప్ప మనిషిని పంపిండు. పన్ల చేరుమంటున్నడు. నేను చేర." నర్సప్ప అరచేతుల మీద వెన్న రాసుకుంటున్నాడు. "ఉండుడు సంగతి ఇంక తెల్వది. నువ్వు గోడలు గీకనీకి పోతున్నవట గద?"

"గోడలు గీకి, ఇంటింటికి చెప్పాలె. ఏది తడపాలె, ఏది తడపొద్దని. నాతోని రా."

"వస్త. కాని మాట్లాడేది నేను. నువ్వు నోరు తెరవొద్దు."

"తెరవ."

మూడిళ్ళు అలాగే సాగాయి. ప్రతి ఇంట్లోనూ జనం దత్తాత్రినే అడిగారు, దత్తాత్రి ప్రతిసారీ నర్సప్ప వైపు చెయ్యి చూపించాడు. నర్సప్ప మొదటి ఇంట్లో నేల చూస్తూ చెప్పాడు. మూడో ఇంట్లో తలెత్తి చెప్పాడు. నాలుగోది యమునాబాయి అనే ముసలామె కార్ఖానా. నాలుగు మగ్గాలు, వాకిట్లో చిన్న రంగు తొట్టి. నర్సప్ప అక్కడ డబ్బాకు చెక్కమూత ఎలా కుదర్చాలో చూపిస్తుండగా, దూరంగా బంబు గంట మోగింది.

దత్తాత్రి కాళ్ళు కదిలిపోయాయి. గల్లీలో నూలు ఆసు తిప్పుతున్న ఆడవాళ్ళు, గంజి కుంచె పట్టుకున్న మగవాళ్ళు, అందరూ ఒక్కసారి తలెత్తారు. పొగ కోసం ఆకాశం వైపు కాదు. యమునాబాయి వాకిట్లో ఉన్న నర్సప్ప వైపు చూశారు.

నర్సప్ప చేతులు మూత మీద ఆగాయి. దత్తాత్రి గుమ్మంలో, సగం బయట సగం లోపల, నిలబడిపోయాడు.

గంట మళ్ళీ మోగింది. కుంఠా నాకా దిక్కు.

"నువ్వు పోరాదు, నీ కొరకే కొడుతున్నరు," అని యమునాబాయి దత్తాత్రిని కసిరింది. గల్లీలో చూస్తున్నవాళ్ళను ఒకసారి కలియజూసి, పీట నర్సప్ప దగ్గరకు జరుపుకుని కూర్చుంది. "నువ్వు చెప్పు బిడ్డా. మూత బిగించినంక ఏం చెయ్యాల్నంటివి?"

దత్తాత్రి పరుగెత్తాడు. గల్లీ మలుపులో వెనక్కి తిరిగి చూశాడు. నర్సప్ప ఆమెకు మూత తీసి, మళ్ళీ పెట్టి చూపిస్తున్నాడు.